చేతులు కడుక్కున్నాక మోగిన సైరన్

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళే మన రుఆబాంధా కాలనీ మైదానంలో విపత్తుల శాఖ మాక్ డ్రిల్ పెట్టింది. ఆ శాఖకు కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, సమోసాలు తిని, చేతులు కడుక్కుని, అప్పుడు సైరన్ మోగించమన్నాడు. అంతసేపూ క్షతగాత్రుల వేషంలో వాలంటీర్లు ఎండలోనే పడుకుని ఉన్నారు. ఒకాయన నిజంగానే స్పృహ తప్పితే, ఆ మహానుభావుడు "వాహ్, క్యా యాక్టింగ్" అని చప్పట్లు కొట్టాడు.

నీతో ఫైర్ బ్రిగేడ్‌లో పనిచేసిన అప్పారావు మావయ్యే ముందుకురికాడు. "యాక్టింగేటి నీ మొహం, నీళ్లు తెండి" అన్నాడు.

నువ్వయితే సైరన్ వినబడగానే ఎంగిలి చేత్తోనే పరుగెత్తేవాడివి. తిరిగొచ్చేదాకా అమ్మ నీ కంచం మీద మూత పెట్టి ఉంచేది.

ఇవాళ్టి సైరన్ ఇంటిదాకా వినబడినట్టుంది. నేనొచ్చేసరికి వంటింట్లో నీ ఖాళీ కంచం మీద మూత పెట్టి ఉంది.