లాండ్రీ గదిలో నా వంతు

ఒరే టోర్కెల్,

గోథెన్‌బర్గ్ స్టూడియోలో చేసిన కొత్త పాటలు విన్నాను. గుండు గీసినట్టు నున్నగా ఉన్నాయి.

మా అపార్టుమెంటు కింద, అందరూ వంతులేసుకుని బట్టలుతుక్కునే లాండ్రీ గదిలో నువ్వు పాడి రికార్డు చేసిన మొదటి పాటలో మిషను గురగుర ఉండేది. మధ్యలో నేనొచ్చి, "లేవరా, ఇది నా వంతు!" అని అరవడమూ ఉండేది. ఈ ఊళ్ళో కోపమొస్తే తలుపుకి చీటీ అంటిస్తారు గానీ, నాలా ఎవరరుస్తారు? సిగ్గుతో చచ్చాను. ఇప్పుడు బస్‌స్టాపులో ఆడపిల్లలు ఆ అరుపు కూడా రాగం తీసి పాడుతున్నారు.

కొత్తవి ఎవరూ వినట్లేదని ఇక పాడనన్నావట, అమ్మ చెప్పింది. గురువారం సాయంత్రం లాండ్రీ గది నా పేరున బుక్ చేశాను. ఉతకడానికి ఒక్క గుడ్డ కూడా లేదు. గిటారు తెచ్చుకో. తిట్లు నేను తెస్తాను.

మీ అక్క