అక్క లిస్టులో లేని ఖర్చు

అక్కా,

నువ్వు పంపిన నెల ఖర్చుల లిస్టు అందింది. మేం అక్కడికి వచ్చేస్తే ఎంతలో బతకొచ్చో చూసుకుందామని నేనే అడిగాను కదా. అద్దె, కరెంటు, బస్ పాసు, సరుకులు, ఆఖరికి చెప్పులు కుట్టించిన ఖర్చు కూడా రాశావు. మీ మరిది చూసి, "ఇంత చవకా! మీ అక్క మనల్ని ఊరిస్తోందా ఏంటి?" అన్నారు. నేనూ నవ్వాను. మూడు రోజులు ఆ లెక్క మీదే సంబరంగా అక్కడి ఇళ్ళు వెతికాం.

నిన్న మా లిస్టులో పిల్లదాని దగ్గు మందు రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. నీ లిస్టులో ఇన్సులిన్ లేదు.

చెప్పుల కుట్టు గుర్తున్నదానివి, పదకొండేళ్ళుగా రెండు పూటలా పొడుచుకునే సూదిని మర్చిపోతావా? పోయినేడు ఫోన్లో, "డాక్టరు ఇన్సులిన్ డోసు బాగా తగ్గించేశాడే, హాయిగా ఉన్నాను" అన్నావు. కాలేజీలో జీవశాస్త్రం చెప్పే నేను ఆ మాట ఎందుకు నమ్మాను? నమ్మితే నాకు సుఖమనా? ఫొటోలో నీ మెడ ఎముకలు చూసి, "సన్నబడ్డావు, బాగున్నావ్" అన్నది కూడా నేనే.

ఒకవేళ మందు అక్కడ ఊరికే ఇస్తారేమో. అలా అయితే నన్ను తిట్టు, పడతాను. కాకపోతే ఒక్కో సీసాను ఎన్నాళ్ళు సాగదీస్తున్నావో నిజం చెప్పు. ఫోన్లో అడిగితే నవ్వేసి మాట మారుస్తావని రాస్తున్నాను.

సోమవారం ఇవ్వాల్సిన రాజీనామా కాగితం నా బ్యాగులోనే ఉంది. మా లిస్టు మళ్ళీ మొదలుపెట్టాను. మొదటి లైను నీ మందుకి వదిలాను. ధర ఎంతో రాయి అక్కా. నువ్వు రాసేదాకా రెండో లైను రాయను.

నీ చెల్లి