ట్రాక్టరు ఆయిల్

మంగళవారం, రాత్రి

సేలం నుంచి వస్తూ తొప్పూరు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే నా కారు లాగలేక ఆగిపోయింది. వెనక ఒకటే నీలం పొగ. ఒక లీటరు ఇంజను, మూడే సిలిండర్లు. దాని బలమంతా ఇంజనులోకి గాలిని ఊదే టర్బోదే. ఆ టర్బో బేరింగు అరిగిపోయిందని మెకానిక్ చూపించాడు. పల్చటి సింథటిక్ ఆయిల్ పోయాల్సిన చోట ట్రాక్టరు ఆయిల్ ఎవరు పోశారని అడిగాడు.

ఇంకెవరు, మా ఆయన వాళ్లన్న. పోయిన నెల ఆయిల్ మార్చింది ఆయనే. సాయంత్రం ఇంట్లో అడిగితే గొప్పగా ఒప్పుకున్నాడు కూడా.

"ముప్పై ఏండ్లుగా ట్రాక్టరుకు ఇదే పోస్తాండాను. ఇంజన్ అంటే ఇంజనే. నువ్వే తొక్కి తొక్కి చెడగొట్టినావు."

"ఏ ఆయిలో పుస్తకంలో రాసుండాది కదా బావా. నన్ను ఒక్క మాట అడగకూడదా?"

"ఆడదాన్ని అడిగి ఆయిల్ పొయ్యాల్నా? గరాటు పట్టుకున్నది నీ మొగుడే, వాణ్ణి అడుగు."

అడిగాను. మా ఆయన అన్నం కలుపుకుంటూ ఇంకొంచెం చారు పొయ్యమన్నాడు.

ఆదివారం కంబైనల్లూరు పెండ్లికి కారు లేకుండా ఎట్లా పోవాలని ఇప్పుడు అన్నదమ్ములిద్దరికీ దిగులు. ట్రాక్టరులో పొమ్మన్నాను. దానికైతే వాళ్ల ఆయిల్ సరిపోతుంది.