రోడ్డు మీద నుంచే తీశాను

మార్చి 9, సోమవారం
ఫోటో డెస్క్

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. వెనకాలే చీవాట్లు వస్తున్నాయి, ముందు దీవెనలు అందుకో. ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కనక రాస్తున్నాను. ఫోన్‌లో అయితే మాటమాటకీ అడ్డొస్తావు, కాగితం మీదైతే నోరు మూసుకుని వినక తప్పదు.

శనివారం నేను సెలవు పెట్టాను. ఒక్క రోజు డెస్క్ వదిలితే ఆదివారం మొదటి పేజీలో నీ నిర్వాకం! ఆసుపత్రిలో మంచాలు చాలడం లేదని వార్త. మంచాల ఫోటో వెయ్యాలా, చేతిలో రిపోర్టుతో, ఇటు వీపు పెట్టి, కిటికీకి తల ఆనించి ఏడుస్తున్న ఆడమనిషి ఫోటో వెయ్యాలా? ఆవిడ ఏడుపుకీ మంచాలకీ ఏమిట్రా సంబంధం?

నిన్న అడిగితే రోడ్డు మీద నుంచే తీశానన్నావు, రోడ్డు అందరిదీ, చట్టం ఒప్పుకుంటుందన్నావు. రోడ్డు అందరిదేరా నాయనా, కిటికీ లోపలి గది కూడా అందరిదా? అంత పొడుగు లెన్స్ పెట్టాక నీ కాళ్లు ఎక్కడుంటే ఏం? డాక్టరు గదిలోంచి వచ్చిన మనిషి, తననెవరూ చూడటం లేదనుకుని కాసేపు నిలబడింది. చట్టం కాపాడేది ఆ కాసేపటినే. పైగా ముఖం కనపడలేదుగా, ఎవరు గుర్తుపడతారని నన్నే ఎదురడుగుతావా! తల బాదుకోవాలనిపించింది. జుట్టు ముడి కనపడుతోంది, ముడిలో గుచ్చిన పెన్సిల్ కనపడుతోంది. ముఖంతో పనిలేకుండా గుర్తుపట్టేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

ఫిర్యాదు వచ్చాక ఎడిటర్ గారు ఫోటోను వెబ్‌సైట్ నుంచి తీయించారు. అచ్చయిన పేపర్లను ఎవరు వెనక్కి తెస్తారు? ఆవిడ తన జబ్బు సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. తన నోటితో, మెల్లగా చెప్పుకుందామనుకుంది. అది కూడా మిగల్చలేదు నువ్వు. క్షమాపణ చెప్పరా అంటే, పేరు తెలిస్తే చెబుతానని విసుక్కున్నావు. నాకు ఒళ్లు మండిపోయింది.

వేళకి తిను.

కోపం ఇంకా తగ్గని
నీ అక్క

తా.క. పేరు అడిగావుగా. పేపరు తెరవగానే అమ్మ ముందు వెతికేది నీ పేరే. ఆదివారం పొద్దున కూడా ఫోటో కింద నీ పేరు చూసి మురిసిపోయిందట. తర్వాత ఫోటో చూసింది. వెంటనే నాకు ఫోన్ చేసి, ఎన్నిసార్లు చెప్పినా జుట్టులోంచి ఆ పెన్సిల్ తియ్యవు కదే అని తిట్టింది. ఆ తర్వాత, చేతిలో ఆ రిపోర్టు ఏమిటే అని అడిగింది. ఆపరేషన్ వచ్చే వారం. కెమెరా ఇంట్లో పెట్టి రా.