రాసిందొకటి, కలిపిందొకటి

మంగళవారం మధ్యాహ్నం, బయట వాన.

శ్రీ శ్రీ శ్రీ ముక్కు బావ గారి దివ్యమైన ముక్కు సముఖానికి,

నీ పాలిట శని సవినయంగా రాసుకున్నది. ఇక్కడ నేనూ, మీ చెల్లెలూ, పొయ్యీ, అచ్చులూ, కిటికీలో దగ్గుతూ తిరిగే ఆ పాత ఫ్యానూ, అందరం కులాసాగానే ఉన్నాం. నీ ఒంట్లో ఎలా ఉందని అడగను. అడిగితే నువ్వు నిజం చెప్పవు, చెబితే నేను వినలేను. కాబట్టి మన చేపల ఎరల సంగతులే మాట్లాడుకుందాం.

ముందు నా సంగతి. గుండెలో వేసిన స్ప్రింగు బాగానే పనిచేస్తోంది. బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు, ప్రయాణాలు పెట్టుకోవద్దు, మనసుకి దెబ్బ తగిలే మాటలు వినొద్దు అని డాక్టరు చెప్పాడు. మరి మా ఆవిడ మాటలో అని అడిగాను. అది పాత జబ్బు కదా, ఈపాటికి ఒంటికి పట్టేసి ఉంటుందిలెండి అన్నాడు. మీ చెల్లెలు పక్కనే ఉంది. డాక్టర్ని ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక నన్నూ ఏమీ అనలేదు. అదే నాకు భయం బావా. ఈమధ్య అది నన్ను తిట్టడం మానేసింది. కంచం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని చూస్తుంది. ఏమిటే, ఫొటో ఫ్రేముకి కొలతలు తీస్తున్నావా అంటే మొహం తిప్పుకుని లోపలికి పోతుంది.

ఫోన్ చేయొచ్చుగా, ఈ కాగితాల గోల ఏమిటని మన ఎరలు కొనే టైలరు అడిగాడు. ఆయన చెవులు నీకు తెలియవయ్యా, నేను ఫోన్లో అరిస్తే వీధి చివరి వాళ్ళు కూడా పలుకుతారు, మా బావ తప్ప అన్నాను.

సరే, పని. నువ్వు ఆసుపత్రికి వెళ్ళాక, గాలానికి గుచ్చే ఈ రబ్బరు వానపాములు నాతో ఆడుకుంటున్నాయి. మొన్న ఆ పాలలాంటి ప్లాస్టిక్కుని గిన్నెలో పోసి కాచాను. తెల్లదనం పోయి గాజులా తేటపడింది. రంగు వేశాను, మెరుపు పొడి వేశాను, ఆ సెగ మీదే సోంపు నూనె కూడా పోసేశాను. నువ్వుంటే గరిట లాక్కునేవాడివి. పొగ అణగనివ్వరా వెధవా, వాసన ఆఖర్న పడాలి, లేకపోతే అది చేపకి చేరదు, ఇంటి కప్పుకి చేరుతుంది అని వీపు మీద ఒకటిచ్చేవాడివి. నువ్వు లేవు. వాసనంతా కప్పుకే పోయింది. గోడ మీది బల్లులు మాత్రం ఆ పూటంతా మహా హుషారుగా తిరిగాయి.

రెండోసారి చల్లారనిచ్చే పోశాను. ఈసారి చెయ్యి జారి నూనె ఎక్కువ పడింది. తెల్లారేసరికి వానపాములన్నీ నూనె కక్కుకుని, పరీక్ష హాల్లో చదవని పిల్లల్లా చెమటలు పట్టి పడున్నాయి. పట్టుకుంటే తోకలు ఊడిపోతున్నాయి.

అసలు చిక్కు ఎక్కడుందో నీకు తెలుసు. పొయ్యి దగ్గర కాసేపు నిలబడ్డవాడి ముక్కు చచ్చిపోతుంది. వాడికి వెల్లుల్లీ ఒకటే, సబ్బూ ఒకటే. అందుకే కదా ఈ పనికి ఇద్దరం. నేను కాచేవాణ్ణి, నువ్వు వాసన చూసేవాడివి. తలుపవతల పీటేసుకుని కూర్చుని, నేను అందించిన ప్రతిదాన్నీ ముక్కు కింద పెట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తలా వంకలు పెట్టేవాడివి. ఇప్పుడు నేనే బయటికెళ్ళి, నువ్వు చెప్పినట్టు నా మోచేతి మడత వాసన చూసుకుని, ముక్కు తేరుకుందనుకుని మళ్ళీ లోపలికొస్తున్నాను. వీధిలో వాళ్ళు ఈయన చెయ్యి ఈయనే వాసన చూసుకుంటున్నాడేమిటని నవ్వుతున్నారు. నవ్వనీ.

టైలరు నిన్న పాకెట్లు పట్టుకుని దెబ్బలాటకొచ్చాడు. ఏమండీ, మీ బావగారున్నప్పుడు చేప పట్టుకుంటే వదిలేది కాదు, ఇప్పుడు నోట పెట్టీ పెట్టగానే థూ అని ఊసేస్తోంది, వీటికంటే నా బొత్తాలు గుచ్చుకుంటే నయం అన్నాడు. నీ కుట్లు చూసి ఊసిందేమో అన్నాను. నా కుట్ల జోలికి రాకండి, మీ వేళ్ళకున్న ఆ తలనూనె కంపు కడుక్కోండి ముందు అన్నాడు. ఒళ్ళు మండింది. వాడు మీ చెల్లెలిచ్చిన టీ తాగుతుంటే, వాడి హెల్మెట్‌లో ఎరల్లో కలిపే రొయ్యల సారం రెండు చుక్కలు వేశాను. సందు దాటేలోపే మూడు పిల్లులు వాడి బండి వెంట పడ్డాయట. పొద్దున్న మళ్ళీ వచ్చి, మీరు మనిషేనా అని అడిగి, మళ్ళీ టీ తాగి వెళ్ళాడు. నీకు చెప్పి నవ్వాలని పరుగెత్తుకుంటూ తలుపవతలికి వెళ్ళాను. పీట ఉంది.

నవ్వు అక్కడే ఆగిపోయింది బావా.

వాడు అన్నది మాత్రం నిజమే. చేపకి వాసనెందుకు, కంటికి కనబడితే చాలదా అని ఒకప్పుడు నిన్ను అడిగాను. కంటికి కనబడితే వచ్చి పట్టుకుంటుంది, నోట్లోకి వెళ్ళగానే అబద్ధమని తెలిసిపోతుంది, వాసన బాగుంటే తెలిసి కూడా ఒక్క క్షణం ఊసేయదు, ఆ ఒక్క క్షణం కోసమేరా మన తిప్పలన్నీ అన్నావు. నువ్వు చెప్పిన వాటిలో నాకు గుర్తున్నది అదొక్కటే. మిగతావన్నీ తిట్లు.

ఆ తిట్ల కోసమే ఈ ఉత్తరం.

మన ఆట మర్చిపోయావా? పాకెట్ మీద రాసేదొకటి, లోపల కలిపేదొకటి. సోంపు అని రాసి జీలకర్ర పెట్టినా, పీత అని రాసి వంటసోడా పెట్టినా నువ్వు ఒక్కసారి కూడా మోసపోలేదు. నిన్ను అమ్మాయి ఆ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాక మొదటి ఉత్తరంలో వెల్లుల్లి అని రాసి, కిరసనాయిలు చుక్క వేసిన ఎర పెట్టాను. నీ చేత్తో రాసిన జవాబు నాకు కంఠతా వచ్చు. ఒరేయ్ గాడిదా, ఇది వెల్లుల్లి అయితే నేను యువరాణిని, నీ కవరు విప్పగానే వార్డంతా ముక్కులు మూసుకుంది, నర్సమ్మ నన్ను అనుమానించింది, తిరిగొచ్చాక నీ అచ్చుల్లో నిన్నే పోసి గాలానికి గుచ్చుతాను అని రాశావు. అది చదివి నేను కడుపు పట్టుకుని నవ్వాను. మీ చెల్లెలికి నాలుగుసార్లు చదివి వినిపించాను.

తర్వాత చెయ్యి వణుకుతోందని అమ్మాయి చేత రాయించడం మొదలుపెట్టావు. రాయించు, తప్పు లేదు. కానీ ఆ జవాబులేమిటి బావా? చాలా బాగుంది, ఆరోగ్యం జాగ్రత్త, వేళకి మందులు వేసుకో. ఒరేయ్ లేదు, గాడిద లేదు. కిందటి ఉత్తరంలో ఒకచోట నన్ను మీరు అన్నావు. మీరు! నలభై ఏళ్ళ చుట్టరికం తర్వాత నాకు మర్యాద ఇవ్వాల్సిన కర్మ నీకేం పట్టింది? చదివి మంచం మీద కూర్చుండిపోయాను. స్ప్రింగు వేసిన రోజు కూడా అంత నొప్పి లేదు.

నాకేమీ వద్దు. క్షేమమని రాయొద్దు, జాగ్రత్తలు చెప్పొద్దు. ఒక్క తిట్టు రాయి. నీ నోట్లోంచి వచ్చిన అసలు సిసలు తిట్టు ఒక్కటి. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని బతికేస్తాను.

ఎప్పటిలాగే ఈ కవర్లో ఒక వానపాముని పెడుతున్నాను. సోంపు వేశాను. చల్లారాకే వేశాను. వాసన చూసి చెప్పు.

ఇట్లు,
ఎన్ని జన్మలెత్తినా నీ గాడిద

తా.క. పిచ్చుకమ్మా, పైదంతా మీ నాన్నకి. ఇక్కడినుంచి నీకు.

మీ నాన్న లేడని నాకు తెలుసు తల్లీ.

మర్యాదగా వచ్చిన మొదటి జవాబుకే అనుమానం తగిలింది. అందుకే కిందటిసారి వెల్లుల్లి అని రాసి, అసలు ఏ వాసనా కలపని ఎర పెట్టాను. వట్టి ప్లాస్టిక్కు. ముక్కు పనిచేస్తుంటే మీ నాన్న నన్ను ఉతికి ఆరేసేవాడు. ముక్కు పోయి ఉంటే, ఏమీ తెలియడం లేదురా అని ఏడ్చేవాడు. వెల్లుల్లి ఘాటు చక్కగా కుదిరింది అని నువ్వు రాశావు. నేను రాసింది చూసి రాశావు, పాపం. ఎరలు చేసేవాడి ఇంట్లో పుట్టి ఇంత తేలిగ్గా పడ్డావేమే?

ఆ రోజు నీ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. కడసారి చూపు కూడా నాకు దక్కనివ్వలేదని. తర్వాత కోపం పోయింది. కన్నతండ్రిని పోగొట్టుకున్న పిల్లవి, నీ ఏడుపు పక్కన పెట్టి, ఈ స్ప్రింగు గుండెవాడు బతకాలని ఆయన మాటలు వెతుక్కుని రాశావు. మావయ్యని ఒరేయ్ అనడానికి చెయ్యి రాక మీరు అని రాశావు. అది తలుచుకుంటే ఇంకేం కోపం.

మీ అత్తకి నువ్వు చెప్పావని కూడా తెలుసు. నాకు తెలిసిందని దానికి తెలియదు. చెప్పకు. నన్ను తానే కాపాడుకుంటున్నాననుకుంటోంది, ఆ పని దాని చేతిలోంచి లాక్కోవద్దు.

నీ ఉత్తరం అబద్ధమని తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఊసేయలేకపోయాను. నోట్లోనే పెట్టుకున్నాను. అందులో మీ నాన్న వాసన కొంచెం ఉందమ్మా.

స్ప్రింగు తెగలేదు, చూశావుగా. ఇక ఆయన పేరున రాయకు. నీ పేరునే రాయి. ఈ కవర్లో పెట్టినదానికి మాత్రం నిజంగానే వాసన వేశాను. పైన సోంపు అని రాశాను కదా, నమ్మకు. ముందు నీ మోచేతి మడత వాసన చూసుకో. తర్వాత దీన్ని ముక్కు కింద పెట్టుకుని, అదేమిటో కనిపెట్టి రాయి. ఒరేయ్ మావయ్యా అని మొదలుపెట్టు. మిగతా తిట్లు అవే వస్తాయి, నీ రక్తంలో ఉన్నాయి.