మా అక్కను ఒడ్డు దాటించండి

రేవుల అధికారి గారి సముఖమునకు, దీవి తూర్పు రేవు దగ్గర కాపురముంటూ కుట్టుపని చేసుకొను స్త్రీ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నిలిపివేయబడిన లాంచీని వారమునకు మూడు రోజులైనను నడిపించి, నా తోడికోడలి ప్రాణము నిలుపవలసినదిగా కోరుట గురించి.

1. తమరికి విన్నవించుకొనునదేమనగా, ఈ దీవికిని పట్నమునకును నడుమ తిరుగుచుండిన ప్రయాణికుల లాంచీ, గత వారము వీచిన పెనుగాలి నాటి నుండి తమ ఉత్తరువు మేరకు నిలిపివేయబడినది. నా తోడికోడలు, అనగా నా భర్త అన్నగారి భార్య, నేను అక్కా అని పిలుచు మనిషి, మూత్రపిండముల వ్యాధిగ్రస్తురాలు. ఆమెకు వారమునకు మూడు పర్యాయములు పట్నపు ఆసుపత్రిలో డయాలసిస్ జరుగవలసియున్నది. జరుగని పక్షమున ఆమె బతకదు. ఈ చివరి మాటను ఆఫీసు భాషలో ఎలా రాయాలో నాకు తెలియలేదు. అందుకని మామూలుగా రాశాను.

2. సదరు తోడికోడలు ఇస్త్రీ దుకాణము నడుపుకొనును. మా బావగారు కాలం చేశారు. నా భర్త సరుకుల ఓడలో వంటవాడు, ఇంట్లో కన్నా నీళ్ళ మీదే ఎక్కువ ఉంటాడు. మా అత్తగారు పోయాక ఇంటి మధ్యలో చెక్క అడ్డం పెట్టి పంచుకున్నాం. సముద్రం వైపు కిటికీ ఆమె వాటాకు వెళ్ళింది. ఆ కిటికీ మీద మాటా మాటా పెరిగి, ఏళ్ళ తరబడి మా మధ్య పలుకు లేదు. ఆమె దగ్గు నాకు వినబడేది, నా కుట్టుమిషను చప్పుడు ఆమెకు వినబడేది, అంతవరకే చుట్టరికం. ఒకరోజు అటువైపు నుంచి బట్ట మాడుతున్న వాసన వచ్చి, అడ్డం తోసుకుని వెళ్ళాను. ఇస్త్రీపెట్టె ఎవరిదో చొక్కా మీద ఉంది. ఆమె బట్టల మూటల మధ్య పడి ఉంది. అప్పట్నుంచి లాంచీలో ఆమె పక్కన కూర్చునేది నేనే.

పక్కన కూర్చున్నామే గాని, మాట్లాడుకున్నది లేదు. ఆమె అటు చూసేది, నేను ఇటు చూసేదాన్ని. టికెట్లు కొట్టేవాడు "మీరిద్దరూ కలిసే వచ్చారా అమ్మా?" అని అడిగితే ఇద్దరం చెరో వైపు తల తిప్పుకున్నాం.

3. పై విషయమునకు సంబంధించి ఒక సాయంకాలపు ప్రయాణము తమరి దృష్టికి తేవలసియున్నది. తిరుగు ప్రయాణంలో, సముద్రపు పాయ మధ్యలో ఇంజిను వేడెక్కి ఆగిపోయింది. "ఏం కంగారు లేదు, చల్లబడితే బయలుదేరతాం" అన్నాడు లాంచీ నడిపే సరంగు. అందరూ కాసేపు విసుక్కున్నారు. తర్వాత ఒక్కొక్కరే నోరు మూసుకున్నారు. ఎందుకంటే ఆ పూట నీళ్ళు నూనె పోసినట్టున్నాయి. ఇంజిను చప్పుడు లేకపోతే సముద్రం ఇంత నెమ్మదిగా ఉంటుందని మాకెవరికీ తెలియదు. పొద్దు దిగుతోంది. ఆకాశం ఏ రంగుకు మారితే నీళ్ళూ ఆ రంగుకే మారుతున్నాయి. ఉన్నట్టుండి సన్నని చేపలు ఓ గుంపు వెండి గుండీలు చల్లినట్టు పైకి ఎగిరి పడ్డాయి.

"జరుగు, చూడనీ" అంది మా అక్క.

అదీ ఏళ్ళ తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట. నేను జరిగాను. ఆమె ఒళ్ళంతా నా మీద వేసి కిందికి వంగి చూసింది. ఆ జబ్బు ఉన్నవాళ్ళకు నీళ్ళు కూడా కొలతే అయ్యా, రోజుకు రెండు మూడు గ్లాసులు దాటకూడదు. "ఇన్ని నీళ్ళ మధ్య కూర్చోబెట్టి, గుక్కెడు తాగొద్దంటాడు చూడు ఆ డాక్టరు, పగవాడు కూడా అలా చెయ్యడు" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. చేతిసంచిలో తెచ్చుకున్న మంచుముక్క కరిగిపోకముందే ఆమె నోట్లో పెట్టాను. ఇంజిను మళ్ళీ మొదలయ్యేసరికి ఆమె నా భుజం మీద నిద్రపోతోంది. ఆ రోజు లాంచీ ఇంకాసేపు ఆగి ఉంటే బాగుండునని నేను కోరుకున్నాను. ఇప్పుడు అది మొత్తానికే ఆగిపోయింది. నా నోటి చలవేనేమో.

4. ఇక తమరు లాంచీ నిలుపుటకు కారణమైన ప్రయాణము గురించి. ఆ లాంచీలో తమరు లేరు, మేమున్నాము. కాగితాల మీద ఏం రాశారో గాని, జరిగింది ఇది.

బయలుదేరేటప్పుడు గాలి మామూలుగానే ఉంది. సగం దూరం వచ్చాక దిక్కు మార్చి, కొండలాంటి అలను తెచ్చి పక్కనుంచి కొట్టింది. అద్దం పగిలి నీళ్ళు లోపలికి దూకాయి. బెంచీ ఒకటి ఊడి, మనుషులతో సహా అటూ ఇటూ జారింది. బేకరీ ఆయన, అందరూ 'బస్తా' అని పిలిచే మనిషి, లేచి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఆయన ఒళ్ళు చూసి నవ్వినవాళ్ళమంతా ఆ రోజు ఆయన కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చున్నాం. మా అక్క ఎడమచెయ్యి పైకెత్తి పట్టుకుంది. డయాలసిస్ సూదులు గుచ్చేది ఆ చేతికే. "నేను పోయినా పర్లేదు, ఈ చేతికి దెబ్బ తగలనీకే!" అని అరిచింది. నేను ఆమె మీద బోర్లా పడి, ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకున్నాను. దేవుడా అని కూడా అనలేదు, నోరు తెరిస్తే ఉప్పునీళ్ళు.

సరంగు లాంచీ ముక్కును అలలకు ఎదురు తిప్పి, గాలి తగ్గేదాకా అలాగే నిలబెట్టాడు. అందరం ప్రాణాలతో దిగాం. తడిసిన బట్టలతోనే ఆసుపత్రికి వెళితే, నర్సమ్మ తన కోటు విప్పి మా అక్కకు తొడిగింది. "సముద్రం నన్ను నోట్లో పెట్టుకుని చూసింది, రుచి నచ్చక ఊసేసింది" అని మా అక్క అందరికీ చెప్పింది.

అయ్యా, మునగని లాంచీని మునిగినదాని కింద జమకట్టి ఆపేశారు.

5. అద్దం వేశారు. బెంచీ బిగించారు. అయినను లాంచీ కదలలేదు. రేవులో "ప్రయాణికుల భద్రత దృష్ట్యా" అని బోర్డు పెట్టారు. పరీక్షించే నిపుణుడు రావాలన్నారు. నిపుణుడు ఎప్పుడొస్తాడంటే ఉత్తరువు రావాలన్నారు. ఇంతవరకు రాసి, ఈ అర్జీ పట్టుకుని దీవిలోని తమ కౌంటరుకు వెళ్ళాను. అక్కడి బాబు కాగితం చూసి వెనక్కి తోశాడు.

"ఇది ఇక్కడ తీసుకోమమ్మా. అవతలి ఒడ్డున పెద్దాఫీసులో మీరే స్వయంగా ఇవ్వాలి."

"అవతలికి ఎలా వెళ్ళను బాబూ?"

"లాంచీలో" అన్నాడు. అన్నాక నా మొహం చూసి, మెల్లగా కిటికీ మూసేసుకున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు.

6. దీవిని అవతలి ఒడ్డుకు కలిపే గట్టు రోడ్డు మీద బస్సు ఉన్నది కదా అని తమరు సెలవియ్యవచ్చును. ఉన్నది. దీవి అంతా చుట్టి, ఆ కొసన గట్టెక్కి, పట్నం చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆలస్యమైతే ఆసుపత్రిలో మా వంతు వేరే రోగికి ఇచ్చేస్తారు. వాళ్ళదీ ప్రాణమే కదా, ఏమని పోట్లాడను? పట్నంలోనే గది తీసుకోమన్నారు కొందరు. ఇస్త్రీ బల్లా కుట్టుమిషనూ ఇక్కడుంటే, అక్కడ మాకు అన్నం పెట్టేదెవరు?

ఇప్పటికి రెండు వంతులు తప్పాయి. మా అక్క కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతోంది. ఫోన్ చేస్తే నర్సమ్మ "ఇంకొక్కసారి తప్పితే మా చేతుల్లో ఉండదమ్మా" అంది. ఆ మాట నేను దాచాను. అయినా ఆమె పసిగట్టింది.

"చాల్లే, నా వంతు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చెప్పు" అంది.

"నోర్ముయ్యి" అన్నాను. నాకన్నా పెద్దామెను అలా అనకూడదు. కానీ అన్నాను. ఏళ్ళ తరబడి మూగనోము పట్టి, ఇప్పుడిప్పుడే మాట్లాడుకుంటున్నాం. మా అత్తగారి మీద చెప్పుకోవాల్సిన చాడీలే ఇంకా సగం మిగిలున్నాయి. ఆమె పోతే అవి నేను ఎవరికి చెప్పుకోవాలి?

7. కావున తమరికి ముందుగా తెలియజేయునదేమనగా, రేపు ఉదయము మేమిద్దరము వేట పడవలో పాయ దాటబోవుచున్నాము. వేట పడవల్లో ప్రయాణికులను ఎక్కించుట నేరమని తమ ఉత్తరువులో ఉన్నది. పడవ ఇచ్చే జాలరిది తప్పు కాదు, అతని కాళ్ళు పట్టుకున్నది నేను. పట్టుకోదలచినచో నన్ను పట్టుకొనవలెను. అదియును డయాలసిస్ పూర్తి అయిన పిమ్మట.

రోజూ నడపమని అడగడం లేదు. ఆ మూడు రోజులూ వెళ్ళడానికి ఒక్కసారి, రావడానికి ఒక్కసారి. సరంగును అడిగాను. "ఆర్డరు వస్తే తాడు విప్పడం ఎంతసేపమ్మా" అన్నాడు. దయతో చిత్తగించవలెను. చిత్తగించుటకు తీరిక లేనిచో సంతకమైనను చేయవలెను.

తమ విధేయురాలు,
తూర్పు రేవు కుట్టుపని మనిషి

తా.క. అయ్యా, ఇది మీ ఆఫీసు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఉదయం పడవలో వచ్చేశాం. మా అక్కను వలల మీద పడుకోబెట్టి, దారి పొడవునా డబ్బాతో నీళ్ళు తోడిపోశాను. మధ్యలో పడవ గిర్రున తిరిగితే జాలరి వెనక్కి పోదామన్నాడు. "వెనక్కి తిప్పకు నాయనా, చస్తే అటువైపే చద్దాం, అక్కడైతే డాక్టరున్నాడు" అంది మా అక్క. నర్సమ్మ మమ్మల్ని చూసి చక్రాల కుర్చీ తెచ్చింది. ఇప్పుడు మా అక్క రక్తం మిషనులో తిరుగుతోంది. ఊపిరి కుదుటపడింది.

అర్జీ ఇద్దామని ఇక్కడికి పరుగెత్తుకొస్తే మీరు లేరు. "అయ్యగారు మీ దీవికే వెళ్ళారమ్మా, రేవు చూడటానికి. కారులో, గట్టు రోడ్డు మీదుగా" అన్నారు మీ గుమాస్తాగారు. ఇప్పుడే ఫోన్ వచ్చిందట. సముద్రపు పోటుకు గట్టు రోడ్డు మీదికి నీళ్ళొచ్చి మీరు దీవిలోనే చిక్కుపడ్డారట.

గాలి లేస్తోంది. ఈ గాలికి పడవ తియ్యనని జాలరి చేతులెత్తేశాడు. లాంచీకి ఇదొక గాలే కాదని దీవి రేవు నుంచి ఫోన్లో అంటున్నాడు సరంగు. డయాలసిస్ అయ్యాక మా అక్కకు నిలబడే ఓపిక ఉండదు, ఆసుపత్రిలో ఉండనివ్వరు, ఈ ఊళ్ళో మాకు తలుపు తీసేవాళ్ళు లేరు. మీరు మా ఒడ్డున ఉన్నారు. మేము మీ ఒడ్డున ఉన్నాం. ఇదంతా గుమాస్తాగారు మీకు ఫోన్లో చదివి వినిపిస్తానన్నారు. వింటున్నారు కదా?

రేవు దిగగానే మొదటి ఇల్లు మాది. తలుపుకు గొళ్ళెమే పెట్టాం, తాళం వెయ్యలేదు. చినుకులు పడితే లోపల కూర్చోండి. కుర్చీ మీద కుట్టాల్సిన బట్టలుంటాయి, కింద పెట్టెయ్యండి. లాంచీని ఇటు పంపమని ఒక్క మాట చెప్పండి. మేము వచ్చి మీకు టీ పెట్టి ఇస్తాం, తాగి అదే లాంచీలో మీ ఇంటికి వెళ్ళిపోదురు గాని.