కలిసిన రెండు పేర్లు

డోర్నకల్

మొగిలన్నకు,

చేతి కట్టు విప్పారని విన్నాను. ఫోన్లో పలకరించే ముఖం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనిద్దరం ఒకే రైల్వే గ్యాంగులో పట్టాల వెంట నడిచిన రోజుల్లో నేనేమనేవాణ్ణో గుర్తుందా? ఎక్కడ బాంబు వార్త విన్నా, "దెబ్బకు దయ్యం దడుస్తది అన్నా, నాలుగు తగిలిస్తే వాడే చెప్తడు" అనేవాణ్ణి. నువ్వు నవ్వి బీడీ ముట్టించేవాడివి. ఆ నాలుగూ నాకే తగిలాయి.

పట్టాల వెంట ఎక్కడో బ్యాగులో బాంబు పెట్టామని, రైలు పేలుస్తామని ఎవడో ఫోన్ చేశాడట. పట్టాల మీద తిరిగేవాళ్లం కనుక పోలీసుల అనుమానం మన మీదికి వచ్చింది. రైళ్లలో వేలమంది ఉన్నారు, బ్యాగు ఎక్కడుందో చెప్పమన్నారు. నాకు తెలిస్తే కదా. అరికాళ్లు వాచిపోయాక, బ్యాగు గేటు పక్క మురుగు మోరీలో ఉందన్నాను. అంతా అటు ఉరికారు. వాళ్లక్కడ వెతుకుతున్నంతసేపు నాకు ఊపిరాడింది. అసలు బ్యాగు మీదుగా మాత్రం రైళ్లు పోతూనే ఉన్నాయి. చివరికి దాన్ని వంతెన దగ్గర పోలీసు కుక్క పట్టింది. ఆ కుక్కనెవరూ కొట్టలేదు. ఫోన్ చేసినవాడు తొర్రూరులో దొరికాడు, మన మొహాలు కూడా ఎరగడు.

అసలు మాట ఇంకా చెప్పలేదు. మోరీ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చి, నీతో ఉన్నదెవరని అడిగారు. నీ పేరు చెప్పాను అన్నా. పగవాడి పేరైనా చెప్పొచ్చు కదా, అప్పట్లో రోజూ పిలిచిన పేరే నోటికొచ్చింది. నీ చెయ్యి విరిగింది నావల్లే. నేను దవాఖానలో ఉంటే సారలమ్మ వదిన శనగలు ఉడకేసి గుడాలు పంపింది. తింటుంటే నామీద నాకే అసహ్యం వేసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక రావొచ్చో లేదో ఒక్క ముక్క రాయి. తన్నడానికైనా రమ్మను.

తమ్ముడినని రాసుకోలేక,
విన్సెంట్


వరంగల్

తమ్ముడు విన్సెంట్‌కు,

చెయ్యి ఇంకా సరిగా వంగడంలేదు, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

నీ ఉత్తరం చదివి సారలమ్మ నా మొహం చూసింది. "ఇప్పుడన్నా నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" అంది.

నన్ను నీకన్నా ముందురోజే డ్యూటీ మీదినుంచి తీసుకెళ్లారు. నీకది తెలియదు. నువ్వు నోరు తెరిచేనాటికే నా చెయ్యి విరిగింది. విరిగాక చెప్పాననుకునేవు. కాదు, అంతకుముందే, రెండో దెబ్బకే నీ పేరు చెప్పాను. నీ ఇంటికి వచ్చింది అందుకే. తర్వాత నువ్వూ నా పేరే చెప్పేసరికి, ఇద్దరి మాటా కలిసింది, దెబ్బలకు నిజం కక్కారని ఆ పోలీసు సారు సంబరపడ్డాడు. పక్క గదిలో ఉండి విన్నాను. కాదని అరవలేదు.

గుడాలు పంపమన్నది నేనే. నీ ముందుకు రాలేక పంపాను.

ఆదివారం రా. తలుపు మీ వదిన తీస్తుంది. నేను బయటికి రాకపోతే నువ్వే లోపలికి రా.

మొగిలి